ఆగస్టు హోర్ఖు

హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరముల వీధులలో, ముందు భాగమున నాలుగు వలయములు గొలుసువలె కలిసియున్న గుర్తుగల కార్లు అప్పుడప్పుడు కనబడును. వాని పేరు ఔడి. మన దేశమున పలువురు దీనిని ఆడి యని పలుకుదురు. ఇది యొక ఊరి పేరు కాదు, నది పేరు కాదు. ఆ కారును తొలుత నిర్మించినవాని యింటి పేరును కాదు. అయినను ఆ యింటి పేరునకును దీనికిని విడదీయరాని సంబంధము కలదు. తన పేరును తానే వాడుకొనరాదని న్యాయస్థానము శాసించినప్పుడు, ఒక శిల్పి తన కార్యమునకు పెట్టుకొన్న మారుపేరు ఇది. ఆ శిల్పి ఆగస్టు హోర్ఖు.

జర్మనీ దేశపు పడమటి భాగమున మోసెల్ అను నది ప్రవహించుచున్నది. దాని గట్టులకు పైనున్న కొండవాలులు ద్రాక్షతోటలతో నిండియుండును. ఆ నదీతీరమున వినింగెన్ అను చిన్న గ్రామము కలదు. 1868వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హోర్ఖు ఆ గ్రామమున జన్మించెను. అతని తండ్రి కమ్మరి. కొలిమిలో కాలి యెఱ్ఱబారిన యినుము సమ్మెట దెబ్బలకు వంగి, కోరిన రూపమును దాల్చుట హోర్ఖునకు పసితనము నుండియు పరిచితమైన దృశ్యము. కొంచెము వయసు వచ్చిన పిమ్మట అతడును ఆ వృత్తినే నేర్చుకొనెను. ఏ యినుము ఎంత వేడికి లొంగునో, ఏ దెబ్బకు చిట్లునో, చేతితో తెలిసికొను విద్య అది.

ఆ కాలమున జర్మనీలో చేతిపనివారికి ఒక ఆచారముండెను. పని నేర్చిన యువకుడు స్వగ్రామమునందే నిలిచిపోక, మూట భుజమున వేసికొని, ఊరూర తిరిగి, వేఱువేఱు పనివారి యొద్ద కూలికి పనిచేసి, వారి నేర్పును గ్రహించి రావలయును. హోర్ఖు కూడ అట్లే బయలుదేఱెను. జర్మనీ దాటి ఆస్ట్రియా, హంగేరీలమీదుగా ఆగ్నేయ ఐరోపా దేశముల వరకు సంచరించెను. ఎచ్చట పని దొరకిన అచ్చట పనిచేసి, తాను ఆర్జించిన దానితోనే ముందునకు సాగెను. చేతి నేర్పు ఎంత గొప్పదైనను, యంత్రముల యుగమున అది యొక్కటియే చాలదని అతనికి తోచెను. సమ్మెట పట్టినవాడు లెక్క కట్టుటయు, పటము గీయుటయు నేర్వవలయును.

అందువలన అతడు 1888వ సంవత్సరమున సాక్సనీ రాజ్యమందలి మిట్‌వైడా పట్టణమునకు పోయి, అచ్చటి సాంకేతిక విద్యాలయమున చేరెను. కొలిమి యొద్దనుండి వచ్చిన యువకునకు గణితము, భౌతికశాస్త్రము సులభముగా లొంగునవి కావు. అయినను పట్టుదలతో చదివి అతడు యంత్రనిర్మాత యయ్యెను. తరువాత రోస్టాకు రేవుపట్టణమునందును, లైప్‌జిగ్ నగరమునందును యంత్రశాలలలో పనిచేసి, ఓడలకు అమర్చు ఇంజనుల నిర్మాణమున అనుభవము సంపాదించెను.

అప్పటికి గుఱ్ఱము లేని బండి లోకమునకు కొత్త. జర్మనీలోని మన్‌హైము నగరమున కార్లు బెంజు అను మహాశిల్పి పెట్రోలు ఇంజనుతో నడచు మూడు చక్రముల బండిని నిర్మించి, 1886వ సంవత్సరము జనవరి 29వ తేదీన దానికి హక్కు పత్రము కోరియుండెను. పది సంవత్సరములు గడచునప్పటికి బెంజు కర్మాగారము వేగముగా పెరుగుచుండెను. 1896లో హోర్ఖు ఆ కర్మాగారమున ప్రవేశించెను. కొలది కాలములోనే మోటారు బండ్ల నిర్మాణశాఖకు అధిపతి యయ్యెను.

అచ్చట మూడు సంవత్సరములు పనిచేయుచు, అతడు ఆ బండ్ల గుణదోషములను రెంటిని ఎఱిగెను. ఇంజను బండి వెనుక భాగమున ఉండెను. దాని యదరు వలన కూర్చున్నవారి యొడలంతయు కదలిపోవుచుండెను. ఈ లోపములను సవరించు మార్గములు హోర్ఖునకు తోచుచుండెను. కాని బెంజు తొందరపడు స్వభావము కలవాడు కాడు. చక్కగా నడచుచున్న బండిని మాటిమాటికి మార్చుట అతనికి ఇష్టము లేదు. గురువు చేసినది గురువునకు చాలును. శిష్యుడు అంతటితో తృప్తిపడలేకపోయెను. అందువలన హోర్ఖు ఉద్యోగమును విడిచి, తన బండిని తానే నిర్మింప నిశ్చయించెను.

అతనియొద్ద విద్య యుండెను గాని ధనము లేదు. ఒక బట్టల వర్తకుడు పెట్టుబడి పెట్టుటకు సమ్మతించి భాగస్వామి యయ్యెను. 1899వ సంవత్సరము నవంబరు 14వ తేదీన కొలోను నగరమందలి ఎహ్రెన్‌ఫెల్డు పేటలో, ఒకప్పుడు గుఱ్ఱపు లాయముగా నుండిన చోట, హోర్ఖు పేరుతో చిన్న కర్మాగారము వెలసెను. మొదట ఇతరుల బండ్లకు మరమ్మతులు చేయుచు, వచ్చిన ఆదాయముతో పని సాగించెను. 1901వ సంవత్సరారంభమున అతని మొదటి కారు వీధిలోనికి వచ్చెను. దాని యింజనుకు రెండు సిలిండర్లు. దాని బలము నాలుగైదు అశ్వశక్తులకు మించదు. కాని ఇంజను వెనుక గాక ముందు భాగమున నిలిపి, యదరు తగ్గునట్లు దానిని అమర్చుట ఆ కారునందలి విశేషము.

కొలోనులో పెట్టుబడి చాలకపోగా, 1902లో కర్మాగారము సాక్సనీలోని రైహెన్‌బాహ్ పట్టణమునకును, 1904లో త్స్వికావు నగరమునకును తరలిపోయెను. ఈ తరలింపుల నడుమ కూడ హోర్ఖు తన కార్లను మెరుగుపరచుట మానలేదు. ఆనాడు పెక్కు కార్లలో ఇంజను బలమును చక్రములకు అందించునవి ఇనుప గొలుసులు. అవి దుమ్ము, బురద పట్టి రొద చేయుచు, ఒకప్పుడు తెగుచుండెను. హోర్ఖు గొలుసునకు మారుగా తిరుగు కడ్డీని అమర్చెను. గేరు చక్రముల పండ్లు త్వరగా అరిగిపోకుండుటకు నికెలు, క్రోమియము కలిపిన గట్టి యుక్కును వాడెను. ఇనుము స్వభావమును చేతితో ఎఱిగిన కమ్మరి కుమారునకు లోహమును ఎన్నుకొనుటలో నేర్పుండుట వింత కాదు.

1906వ సంవత్సరమున హెర్కోమరు పందెమను ప్రసిద్ధమైన దూరప్రయాణపు పోటీ జరిగెను. అందు హోర్ఖు కారు ప్రథమస్థానమును పొందెను. పెద్ద పెద్ద కర్మాగారముల శక్తిమంతములైన కార్లు పాల్గొన్న పోటీలో చిన్న కర్మాగారపు కారు గెలుపొందుటతో హోర్ఖు పేరు దేశమంతట వ్యాపించెను. మంచి కారు కోరువారు ఆ పేరు చెప్పి కొనసాగిరి.

కాని త్స్వికావునకు వచ్చునప్పటికే ఆ సంస్థ వాటాదారుల సంస్థగా మారియుండెను. వాటాలు కొన్నవారు అనేకులు. వారి పక్షమున వ్యవహారములు చూచు డైరెక్టర్లు కొందఱు. సంస్థకు హోర్ఖు పేరున్నను, అందు అతని మాటయే చెల్లవలెనను నియమము లేదు. అతనికి కారు మేలుగా నుండవలెనను చింత. వారికి లాభము తగ్గరాదను చింత. కొత్తగా చేసిన ఆరు సిలిండర్ల కారు ఆశించినట్లు రాణింపలేదు. తరువాతి పోటీలలో విజయములు కలుగలేదు. ఖర్చు పెరిగినదని ఒకరు, అనవసరపు ప్రయోగములని యొకరు అతనిని నిందించిరి. కలహము ముదిరి, 1909వ సంవత్సరమున, తాను స్థాపించిన కర్మాగారమునుండి హోర్ఖు వెలుపలికి రావలసి వచ్చెను. అప్పుడు అతని వయసు నలువది సంవత్సరములు.

అతడు నిరాశచెంది కూర్చుండలేదు. అతని విద్యయందు నమ్మకముగల మిత్రులు కొందఱు త్స్వికావులోనే యుండిరి. వారిలో ఫికెంచరు సోదరులు ముఖ్యులు. వారి సాయముతో అదే సంవత్సరము జూలై నెలలో, అదే నగరమున, హోర్ఖు రెండవ కర్మాగారమును నెలకొల్పెను. దానికిని సహజముగా తన పేరే పెట్టెను. తండ్రి యిచ్చిన పేరు తనది కాక మరెవ్వరిది?

ఇచ్చటనే అతని జీవితమునకు గొప్ప పరీక్ష వచ్చెను. పాత సంస్థవారు న్యాయస్థానమునకు ఎక్కిరి. హోర్ఖు అను పేరు తమ కార్ల పేరుగా నమోదైయున్నదనియు, ఒకే నగరమున రెండు సంస్థలు ఆ పేరుతో కార్లు అమ్మినచో కొనువారు మోసపోవుదురనియు వారు వాదించిరి. వ్యాజ్యము లైప్‌జిగ్‌లోని జర్మనీ ఉన్నత న్యాయస్థానము వరకు పోయెను. తీర్పు హోర్ఖునకు ప్రతికూలమయ్యెను. అతడు హోర్ఖుగా జీవింపవచ్చును, హోర్ఖుగా సంతకము చేయవచ్చును. కాని తాను నిర్మించు కారుకు ఆ పేరు పెట్టరాదు. చట్టముదృష్టితో చూచినచో ఆ తీర్పునందు న్యాయము లేకపోలేదు. వ్యాపారమునకు అర్పించిన పేరు వ్యాపారముతోనే పోయెను. అయినను పది సంవత్సరములు పాటుపడి, పోటీలలో గెలిచి, తాను కీర్తి కలిగించిన పేరును ఇతరులు ఉంచుకొని తననే నిషేధించినప్పుడు, ఆ శిల్పి మనస్సు ఎంత నొచ్చియుండునో ఊహింపవచ్చును.

బాధపడుటకు వ్యవధి లేదు. కర్మాగారము సిద్ధముగా నుండెను, కారు సిద్ధమగుచుండెను, పేరు మాత్రము లేదు. ఒకనాడు హోర్ఖును అతని భాగస్వాములును ఫ్రాంజ్ ఫికెంచరు గృహమున చేరి, కొత్త పేరు కొరకు తర్జనభర్జన చేయసాగిరి. ఒకరొక పేరు సూచింతురు. మరియొకరు దానిని త్రోసివేయుదురు. పేరు దొరకనిదే లేవరాదని వారు నిశ్చయించుకొనిరి. ఆ గదిలోనే యొక మూల, ఫికెంచరు కుమారుడగు బాలుడు కూర్చుండి, తన లాటిను పాఠము చదువుకొనుచుండెను. పెద్దల మాటలు అతని చెవిని పడుచునే యుండెను. ఏదో చెప్పవలెనని పలుమారు నోరు తెరచి, పెద్దల నడుమ మాటాడుటకు జంకి, మరల పుస్తకము వైపు చూచుచుండెను. తుదకు ఆపుకొనలేక, హోర్ఖు అనుటకు మారుగా ఔడి అని పెట్టిన బాగుండదా యని తండ్రిని అడిగెను.

ఆ మాటలోని చమత్కారము తెలియుటకు రెండు భాషల సంగతి తెలియవలెను. జర్మను భాషలో హోర్ఖు అనునది ఇంటిపేరు మాత్రమే కాదు. దానికి వినుము, ఆలకింపుము అని అర్థము కూడ కలదు. మనకు సంస్కృతమెట్టిదో, ఐరోపావారికి లాటిను అట్టిది. జర్మనీ ఉన్నత పాఠశాలలలో దానిని శ్రద్ధతో నేర్పుదురు. ఆ లాటినులో వినుము అనుటకు ఔడి అందురు. తెలుగు మాటకు సంస్కృత పర్యాయము చెప్పినట్లు, ఆ బాలుడు హోర్ఖు పేరునే మరియొక భాషలో చెప్పెను. న్యాయస్థానము నిషేధించిన అక్షరములు అందు ఒక్కటియు లేవు. ఆ పేరులోని అర్థము మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. గదిలోనివారందఱు ఆనందముతో ఆ పేరును అంగీకరించిరి. 1910వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీన సంస్థ పేరు ఔడి యని నమోదయ్యెను. ఈ వృత్తాంతమును తరువాతి కాలమున హోర్ఖే తన స్వీయచరిత్రమున వ్రాసియుంచెను.

పేరు దొరకెను గాని, దానిని ఎఱిగినవారు లోకమున లేరు. పాత పేరు సంపాదించుకొన్న గౌరవమంతయు పాత సంస్థకే దక్కెను. కొత్త పేరునకు గౌరవము కొత్తగా సంపాదింపవలెను. అందుకు హోర్ఖునకు తెలిసిన మార్గము ఒక్కటే: మంచి కారు చేయుట, దానిని కఠినమైన త్రోవలో నడిపి చూపుట. 1910లోనే మొదటి ఔడి కారు వెలువడెను. ఆ కాలమున ఆస్ట్రియాలో ఆల్ప్సు పర్వతయాత్ర అను పోటీ జరుగుచుండెను. ఎత్తయిన కనుమలు, నిలువుటెక్కుడులు, మలుపులు, రాళ్లు తేలిన బాటలు దాటి, నియమితకాలములో గమ్యము చేరవలెను. నియమములు తప్పినవారికి దండన మార్కులు పడును. కారు బలహీనత ఎచ్చట నున్నను ఆ కొండలు దానిని బయటపెట్టును.

1911వ సంవత్సరమున హోర్ఖు ఇతరులను పంపక, తానే చక్రము పట్టి ఆ యాత్రకు బయలుదేఱెను. ఒక్క దండన మార్కైనను లేకుండ దానిని ముగించెను. 1912, 1913, 1914 సంవత్సరములలో ఔడి కార్ల బృందము వరుసగా మూడుసార్లు జయము పొందెను. ఆ విజయములు గొన్న కారు రకమునకు ఆల్ప్సు విజేత యను బిరుదు కలిగెను. నాలుగేండ్లకు ముందు ఎవ్వరును ఎఱుగని ఔడి యను పేరును, వినుమని చెప్పకయే జనులు వినసాగిరి.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమై నాలుగేండ్లు సాగెను. యుద్ధానంతరము, 1920లో, హోర్ఖు కర్మాగారపు నిర్వహణ భారమును విడిచి బెర్లిను నగరమునకు పోయి, మోటారు వాహన విషయములలో నిపుణుడుగా పనిచేయుచుండెను. 1922లో బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయము అతనికి గౌరవ డాక్టరు పట్టము నొసగెను. కమ్మరి కొలిమి యొద్ద పని నేర్చిన బాలునకు పండితులు చేసిన సన్మానమది.

1929లో ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించెను. కార్లు కొనువారు తగ్గి, కర్మాగారములు మూతపడు స్థితి వచ్చెను. అప్పుడు సాక్సనీలోని నాలుగు మోటారు సంస్థలు ఏకమై, 1932లో ఆటో యూనియను అను పెద్ద సంస్థగా ఏర్పడెను. ఆ నాలుగింటి పేర్లు ఔడి, డి.కె.డబ్ల్యూ., హోర్ఖు, వాండరరు. వాని ఐక్యమునకు చిహ్నముగా నాలుగు వలయములను పెనవేసిరి. నేడు మనము చూచు గుర్తు అదియే. ఒకనాడు న్యాయస్థానమున ఎదురెదురుగా నిలిచిన హోర్ఖు, ఔడి సంస్థలు ఇట్లు ఇరువది రెండేండ్ల పిమ్మట ఒకే గొడుగు క్రిందికి వచ్చెను. ఆ రెంటిని స్థాపించిన ఆగస్టు హోర్ఖునకు కొత్త సంస్థ పర్యవేక్షక మండలిలో స్థానము లభించెను. పోయిన పేరును వ్యాజ్యముతో తిరిగి గెలువలేకపోయినను, కాలము దానిని అతని చెంతకు చేర్చెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి జర్మనీ ఛిన్నాభిన్నమయ్యెను. త్స్వికావు నగరము రష్యావారి యధీనములోనికి పోయెను. 1945లో వృద్ధుడైన హోర్ఖు సాక్సనీని విడిచి, బవేరియాలోని మ్యూన్‌ష్‌బెర్గు అను చిన్న పట్టణమును చేరెను. 1951వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన, తన 82వ యేట, అచ్చటనే కన్నుమూసెను. అతని భౌతికకాయమును మోసెల్ తీరమందలి స్వగ్రామమునకు కొనిపోయి సమాధి చేసిరి. అతడు మరణించునాటికి ఔడి పేరుతో కొత్త కార్లు వెలువడుటలేదు. తన రెండవ పేరును లోకము మరచుననియే అతడు తలచెనేమో!

కాని అట్లు జరుగలేదు. యుద్ధానంతరము ఆటో యూనియను సంస్థ 1949లో బవేరియాలోని ఇంగోల్‌స్టట్ నగరమున పునఃస్థాపితమై యుండెను. అది 1965లో ఔడి పేరును మరల వెలుగులోనికి తెచ్చెను. 1980లో ఆ సంస్థ నాలుగు చక్రములకును ఇంజను బలము అందు కారును నిర్మించి, దానికి క్వాట్రో యని పేరు పెట్టెను. లాటినునుండి పుట్టిన ఇటాలియను భాషలో క్వాట్రో యనగా నాలుగు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున పైక్స్ పీక్ అను ఉన్నతపర్వతము కలదు. దానిపైకి జరుగు కార్ల పోటీలో ఆ కార్లు గెలుపొందెను. 2003లో ఆ సంస్థ డెట్రాయిటు ప్రదర్శనలో ఒక నమూనా బండిని చూపి, దానికి ఆ పర్వతము పేరే పెట్టెను. ఆ నమూనానుండి పుట్టిన పెద్ద బండి 2005లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో వెలువడెను. మెత్తని కారు సౌఖ్యమును, కొండబాటలెక్కు శక్తియు కలిపి ఏడుగురు కూర్చుండుటకు తగినట్లు దానిని నిర్మించిరి. క్వాట్రోలోని మొదటి అక్షరమును గైకొని దానిని క్యూ 7 అని పిలిచిరి. హోర్ఖు ఈ బండ్లను ఎఱుగడు. అయినను కారు సత్తువను కొండమీద పరీక్షించుటయు, దాని పేరునకు పరభాషా పదమును వెదకుటయు అతడు వేసిన బాటయే.

త్స్వికావు నగరమున, పూర్వము ఔడి కర్మాగారమున్న స్థలమున, 2004లో ఒక వస్తుప్రదర్శనశాల వెలసెను. అతడు నిర్మించిన పాత కార్లను అందు భద్రపరచిరి. దానికి ఆగస్టు హోర్ఖు పేరు పెట్టిరి. ఏ నగరమున అతని పేరును వాడరాదని నిషేధము కలిగెనో, ఆ నగరమే ఆ పేరును గౌరవముతో గోడపై వ్రాసికొన్నది.

హోర్ఖు తన జీవితమున రెండు పర్యాయములు మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెను. మొదటిసారి ధనము లేదు. రెండవసారి పేరు కూడ లేదు. కాని కొలిమి యొద్ద నేర్చిన పనియు, విద్యాలయమున నేర్చిన శాస్త్రమును ఏ తీర్పును అతనినుండి తీసికొనలేకపోయెను. ఆ విద్య యుండుటచేతనే, ఒక బాలుడు ఇచ్చిన పేరు కీర్తి పొందగలిగెను. ఆ బాలుని మాట విలువ గ్రహించి, పెద్దలు దానిని ఆదరించుట కూడ మనము గుర్తింపదగినది. పేరు పోయినదని చింతించుటకంటె, మరల పేరు తెచ్చు పని చేయుట మేలని ఆగస్టు హోర్ఖు చరిత్ర మనకు తెలుపుచున్నది.